చవక యూనిట్లు కొని ఖరీదైన బిల్లులా? ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కరెంటు కొనుగోళ్ల గురించి రాస్తున్న ఈ మాటలన్నీ కరెంటు ఛార్జీల మీద జరిగే బహిరంగ విచారణల్లో చెప్పినవే, అభ్యంతరాలుగా రాసిచ్చినవే. 'పరిశీలిస్తాం' అన్న ముక్క తప్ప జవాబు లేదు. పరిశీలన ఎందాకా వచ్చిందో తెలియదు గానీ బిల్లులు మాత్రం ఠంచనుగా వస్తున్నాయి. అందుకే నలుగురిలో రాయాల్సి వచ్చింది, మన్నించండి.

ఇంధన సర్దుబాటు (అంచనా కంటే కరెంటు కొనుగోలుకు ఎక్కువైన ఖర్చును తర్వాత రాబట్టుకునే ఛార్జీ) పేరుతో 2022-23కు సుమారు 6,073 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు జనం మీద పడ్డాయి. నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా ఎవరినీ అడగకుండా వేసుకునే వెసులుబాటు వేరే ఉంది. పాపం పాత ప్రభుత్వానిదని మీరంటారు, వసూలు చేసింది మీరేనని వాళ్లంటారు. ఆ పంచాయితీ మాకొద్దు. ఆమధ్య యూనిట్‌కు 13 పైసలు వెనక్కిచ్చారు, సంతోషమే. మా గోడు వేరు. ఏ ప్లాంటు ఎంత కావాలో తేల్చే పద్ధతే తప్పుగా ఉంటే, ఏ ప్రభుత్వం ఉన్నా సర్దుబాటు ఛార్జీ వస్తూనే ఉంటుంది.

టెండర్లో యూనిట్ ధర తక్కువ పలికితే చాలు, 25 ఏళ్లకు సంతకం పెట్టేస్తున్నారు. ఆ యూనిట్ ఏ గంటలో వస్తుందో, మనకు ఏ గంటలో కావాలో అడిగే నాథుడు లేడు. 2021లో కేంద్ర సంస్థ సెకి (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) నుంచి 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తును యూనిట్ 2.49 రూపాయలకు కొంటామని ఒప్పందం చేసుకున్నాం. పగలు 9 గంటల వ్యవసాయ సరఫరాకని చెప్పారు. మోటార్లను పగటికి మార్చడం మంచి ఆలోచనే, కాదనం. కానీ కోతలై పొలాలు ఎండబెట్టిన నెలల్లో ఆ మోటార్లు తిరగవు. అప్పుడు మధ్యాహ్నపు కరెంటు మిగులుతుంది. ఎక్స్ఛేంజీలో (రోజువారీగా కరెంటు కొని అమ్మే మార్కెట్లో) అమ్ముదామంటే దేశమంతా అదే సమయంలో సౌర విద్యుత్తు అమ్ముతుంటుంది. ధర రూపాయి, రెండు రూపాయలకు జారిపోయే రోజులున్నాయి. సాయంత్రం ఆరు దాటాక అదే ఎక్స్ఛేంజీలో గరిష్ఠ పరిమితి 10 రూపాయలకు కొనాల్సి వచ్చే రోజులున్నాయి. ఇక 2.49 ఎక్కడ మిగిలినట్టు?

దానికి మీ అధికారులు చూపే మందు ఇంకో బొగ్గు ప్లాంటు. లెక్క వేద్దాం. స్థిర ఛార్జీ (ప్లాంటు కట్టిన పెట్టుబడికి, నిర్వహణకు కట్టేది) యూనిట్‌కు 2 రూపాయలు, బొగ్గు ఖర్చు 3 రూపాయలు అనుకోండి. ఆ 2 రూపాయలనేది ప్లాంటు ఏడాదిలో 85 శాతం, అంటే 7,446 గంటలు నడిస్తేనే. మెగావాట్‌కు ఏడాదికి స్థిర ఛార్జీ 1.49 కోట్లన్న మాట. ప్లాంటు 85 శాతం అందుబాటులో ఉన్నానని చూపిస్తే చాలు, మనం తీసుకున్నా తీసుకోకపోయినా ఆ డబ్బు మొత్తం కట్టాలి. సగం గంటలే తీసుకుంటే స్థిర ఛార్జీ యూనిట్‌కు 3.40 అవుతుంది. సాయంత్రం నాలుగు గంటలకే వాడుకుంటే, ఏడాదికి 1,460 గంటలు, 10.20 అవుతుంది. బొగ్గుతో కలిపి 13.20. ఒక్క ముహూర్తానికి ఏడాది పొడవునా కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నట్టుంది.

పైగా బొగ్గు ప్లాంటులోని యూనిట్‌ను, అంటే కరెంటు పుట్టించే యంత్రాన్ని, సాయంత్రం వెలిగించి రాత్రికి ఆర్పేయడం కుదరదు. సామర్థ్యంలో 55 శాతం కంటే కిందికి దించడానికి లేదు. కృష్ణపట్నంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. సాయంత్రానికి మూడూ కావాలంటే మధ్యాహ్నం కూడా 1,320 మెగావాట్లు నడుస్తూనే ఉండాలి, అదీ సౌర విద్యుత్తు పొర్లిపోతున్న గంటల్లో. తగ్గించి నడిపితే యూనిట్‌కు పట్టే బొగ్గు పెరుగుతుంది. ఆపేస్తే మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది, ఫర్నేస్ ఆయిల్ ఖర్చు అదనం. ఏ టెండరు ధరలోనూ ఇవి కనబడవు. తర్వాత తీరిగ్గా 'సర్దుబాటు' అనే పేరుతో మా ఇంటికొస్తాయి.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూడండి. 2022లో సెకి టెండర్లో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10.84 లక్షలు పలికింది. తర్వాతి టెండర్లలో, కేంద్రం ఇచ్చే వయబిలిటీ గ్యాప్ సాయంతో (గిట్టుబాటు కాని మేరకు ఇచ్చే గ్రాంటుతో), రెండున్నర లక్షల లోపుకు వచ్చింది. రెండున్నరే వేసుకోండి. ఏడాదికి 30 లక్షలు. రోజుకొక్కసారే నింపి ఖాళీ చేస్తే 730 మెగావాట్ అవర్లు, అంటే 7.3 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 4.11. నింపడానికి 2.50 సౌర విద్యుత్తు, 15 శాతం నష్టంతో 2.94. మొత్తం 7.05. అది 13.20 కంటే తక్కువని చెప్పడానికి కన్సల్టెంటు అక్కర్లేదు.

బ్యాటరీతోనే అన్నీ తీరిపోతాయని మేం అనడం లేదు. వానాకాలంలో నాలుగు రోజులు మబ్బు పడితే నింపడానికే ఏమీ ఉండదు. అప్పుడు రాయలసీమ గాలి మరలు, సీలేరు జలవిద్యుత్తు, పాత బొగ్గు యూనిట్లే ఆదుకోవాలి. ఎవరి వాటా ఎంతో ఏడాదిలోని 8,760 గంటలూ వరసగా నడిపి చూస్తే గానీ తేలదు. సగటు లోడు, పీక్ లోడు అని రెండంకెలు వేసి మధ్యలో గీత గీస్తే అది ప్రణాళిక కాదు.

గ్యాస్ సంగతి గుర్తు చేయక తప్పదు. కృష్ణా-గోదావరి తీరంలోని కేజీ-డి6 గ్యాస్ క్షేత్రం నుంచి రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుందన్నారు. ఆ ధీమాతో వేమగిరి, కొండపల్లి, కోనసీమలో ప్లాంట్లు లేచాయి. 2013 మార్చి వచ్చేసరికి విద్యుత్ రంగానికి ఆ గ్యాస్ సున్నాకు పడిపోయింది. 'గ్యాస్ సగమే వస్తే ఏంటి?' అని ముందే ఒక్కసారి లెక్క వేసి ఉంటే సరిపోయేది. 2022లో దిగుమతి బొగ్గు కలపమని కేంద్రం ఆదేశించినప్పుడూ ఇదే కథ.

కట్టి ఉన్నదాన్ని వాడుకోవడం ఇంకా సిగ్గుచేటు వ్యవహారం. నాగార్జునసాగర్‌లో నీటిని వెనక్కి తోడగల రివర్సిబుల్ యూనిట్లు ఏడున్నాయి, ఒక్కోటి 100 మెగావాట్లు. అవి తెలంగాణ చేతిలో. తోడడానికి కింద నీళ్లు నిలపాల్సిన చిన్న జలాశయం, టెయిల్‌పాండ్, ఆంధ్ర చేతిలో. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల కొత్త పంప్డ్ స్టోరేజీకి (ఇలాగే నీటిని పైకి తోడి, కావలసినప్పుడు వదిలి కరెంటు తీసే ప్లాంటుకు) కోట్లు వెతుకుతాం గానీ, దీని గురించి రెండు రాష్ట్రాల ఇంజనీర్లను ఒక బల్ల ముందు కూర్చోబెట్టలేమా? సాగునీటి అవసరాలే ముందు, నిజమే. ఆ షరతుతోనే ఎన్ని గంటలు తోడగలమో లెక్క వేయమంటున్నాం.

డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఏటా పదేళ్ల వనరుల ప్రణాళిక వేయాలని 2023 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ప్రణాళిక అనేది ఉంటే, దాని వెనకున్న అంకెలు మాకు చూపించండి. గంట గంట లోడు, ఒక్కో ఉత్పత్తి యూనిట్ హీట్ రేటు (కరెంటు యూనిట్‌కు పట్టే ఇంధనం లెక్క), స్థిర ఛార్జీ, ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందని అనుకున్నారు, ట్రాన్స్‌మిషన్ ఛార్జీలు ఎవరి ఖాతాలో వేశారు, బ్యాటరీకి 2022 ధర పెట్టారా, ఇప్పటిదా? డిమాండు అనుకున్నదానికంటే తక్కువ పెరిగితే, బొగ్గు ధర ఐదోవంతు పెరిగితే, ఒక ఏడు వానలు తప్పితే ఖర్చు ఎంత మారుతుందో చూపించండి. అప్పటిదాకా దయచేసి కొత్తగా 25 ఏళ్ల ఒప్పందాల మీద సంతకం పెట్టకండి. మళ్లీ అడుగుతున్నాం, పెట్టకండి. పెట్టేశాక వద్దనుకుంటే ఏమవుతుందో 2019 నాటి పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) సమీక్ష చూపించింది. కోర్టుల చుట్టూ తిరిగి చివరికి బకాయిలు కట్టాల్సి వచ్చింది.

ఆ అంకెలు డిస్కంల వెబ్‌సైట్లలో పెట్టించండి. ఎక్సెల్ షీట్లు చాలు. దయుంచి ప్రింటు తీసి, వంకరగా స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా మాత్రం పెట్టించకండి.

ఇట్లు,
సర్దుబాటు ఛార్జీలు క్రమం తప్పకుండా కడుతున్న వినియోగదారులు