కేకు పంచితే సరిపోదు

సంపాదకుడు గారికి,

ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకి హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, నీది ఏ మతమని ఎవరూ అడగరు. సంతోషం. కానీ అది జనం తమంతట తాము కలుపుకున్న బంధం, చర్చి కూడా తన వైపు నుంచి అడుగేయాలి కదా! హైదరాబాద్‌లోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్‌నే చూడండి. 1930లో లాహోర్‌లో మొదలైనప్పుడు ముస్లింల మధ్య సువార్త పనికి క్రైస్తవుల్ని తయారుచేయడమే దాని ఉద్దేశం, అదే సంస్థ మెల్లమెల్లగా మారి ఇస్లాంని గౌరవంతో చదవడం, మతాల మధ్య సంభాషణ, పాతబస్తీలో హిందూ ముస్లిం కుటుంబాలతో కలిసి పనిచేయడం దాకా వచ్చింది. నాకు నచ్చింది ఈ మార్పే. ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని తిరస్కరించబోమని కాథలిక్ చర్చి 1965లోనే ప్రకటించింది కూడా. మన ఊళ్లలో ప్రసంగాల్లో ఆ మాట ఎంతమంది విన్నారు? ఒక క్రైస్తవుడిగా నేనడిగేది ఇదే: మైకులో పక్కవాళ్ల దేవుళ్లని తక్కువ చేయడం ఆపండి, పాస్టర్ల శిక్షణలో పొరుగు మతాల గురించి ఆ మతస్థుల చేతే పాఠాలు చెప్పించండి. క్రిస్మస్‌కి కేకు పంచడం మంచిదే, అయితే ఊళ్లో గొడవ మొదలైన రాత్రి ఫోన్ చేయడానికి గుడి పెద్దలతో, మసీదు పెద్దలతో ముందే పరిచయం ఉండాలి.

— ఒక సంఘ సభ్యుడు, గుంటూరు