885 గారి దొంగతనం

బెంగళూరు,
ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ సర్వే రాయీ,

ముందు తిట్టడం పూర్తి చెయ్యి, తరువాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, ఒప్పుకుంటాను. జవాబు మొదలుపెట్టిన మొదటి కాగితం మీద మావాడు రాకెట్టు బొమ్మ వేశాడు. రెండోది ఇస్త్రీ బట్టల లెక్కకు పోయింది. ఇది మూడోది, దీన్ని ఎవరూ ముట్టకుండా మోచేయి వేసుకుని కూర్చున్నాను.

అందరం బాగున్నాం. అమ్మకు షుగరు అదుపులో ఉంది. ఇంటి అద్దె పెరిగింది, నా జీతం పెరగలేదు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి: మన 885 గారు దొంగతనం చేశారు.

అవునురా, మా నాన్నే. ఆఫీసు పెన్సిలుతో హోంవర్కు రాశానని నా చేత గోడకుర్చీ వేయించిన మనిషి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులని నీకు తొమ్మిదేళ్ళకే కంఠతా పట్టించి, ఒకరోజు నువ్వు మరిచిపోతే "సర్వే రాయిలా నిలబడ్డావేమిరా" అని నీకు శాశ్వతంగా పేరు పెట్టిన మనిషి. ఆయన దొంగతనం చేసింది చర్చిలో. అది కూడా ఏటా నీళ్ళలో మునిగే చర్చిలో.

మొదటి నుంచి చెబుతాను. పోయిన నెల పేపర్లో ఒక ఫోటో వచ్చింది. హాసన్ దగ్గర శెట్టిహళ్ళి అనే ఊళ్ళో 1860 ప్రాంతంలో ఫ్రెంచి మిషనరీలు కట్టిన చర్చి. గొరూరు దగ్గర హేమావతికి ఆనకట్ట కట్టాక ఊరు ఖాళీ అయింది, చర్చి మాత్రం మిగిలింది. వానాకాలంలో నడుం దాకా నీళ్ళు, ఎండాకాలంలో చుట్టూ ఎండిన ఒండ్రు. నాన్న ఆ కాగితం కత్తిరించి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. నాతో ఒక్క మాట అనలేదు. నాలుగు రోజుల తరువాత భోజనాల దగ్గర, ఎవరితోనూ కానట్టు, "హేమావతి 2,922 అడుగులు, 37 టీఎంసీలు" అన్నారు. ఆయన భాషలో అది "నన్ను తీసుకెళ్ళు" అని బతిమాలడం. నీకు తెలుసు కదా.

సరే, మేమిద్దరమే బయలుదేరాం. మొదటి రోజు శెట్టిహళ్ళి, రాత్రికి హాసన్‌లో బస, రెండో రోజు హొళెనరసీపుర మీదుగా శ్రీరంగపట్టణం పక్కన గంజాం. అక్కడ అబ్బే దుబోయిస్ అనే ఫ్రెంచి పాదిరి 1800లో కట్టిన చర్చి ఉంది. టిప్పు పోయిన తరువాత చెల్లాచెదురైన క్రైస్తవులను పోగుచెయ్యడానికి వచ్చాడట. మన బట్టలే కట్టి, తలపాగా చుట్టి, మాంసం మానేసి బతికాడు. మశూచి టీకాలు కూడా వేయించాడు. నాన్న ఇదంతా లైబ్రరీలో చదివి చీటీ రాసుకున్నారు. ఆ చీటీకి ఏ గతి పట్టిందో తరువాత చెబుతాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. అమ్మ ఇడ్లీల క్యారియరు, ప్లాస్కు, వాంతులు రాకుండా వాసన చూసుకోవడానికి ఆరు నిమ్మకాయలు ఇచ్చింది. హాసన్ దారిలో ఘాటు రోడ్డు లేదమ్మా అంటే వినలేదు. ఆ నిమ్మకాయలను గుర్తుపెట్టుకో. నెలమంగళ, కుణిగల్, యడియూరు, చన్నరాయపట్టణ... ఫోను చెప్పే దారిని నాన్న నమ్మరు. ఆడగొంతు "కుడివైపు తిరగండి" అన్నప్పుడల్లా కిందకు దిగి ఎవరినో ఒకరిని అడగవలసిందే. మనం సంగమేశ్వరం వెళ్ళినప్పుడు కూడా ఇంతే కదా, నువ్వు బురదలో చెప్పు పోగొట్టుకుని... సరే, అది వద్దులే.

చేరేసరికి తొమ్మిదిన్నర. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి, నడిచే వెళ్ళాం. ఎలా చెప్పను? కప్పు లేదురా. కమానులున్నాయి, కమానుల మీద ఆకాశముంది. లోపల ఆవులు పడుకుని ఉన్నాయి. గోడల మీద ఏ యేటి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చారలు చారలుగా తెలుస్తోంది. నాన్న వాటి దగ్గరకు పోయి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన గుడికి వెళ్ళినా దేవుడి కన్నా ముందు స్తంభాల మధ్య దూరం చూస్తారు, ఇది కొత్త కాదు. "ఈ హేమావతి పోయి కావేరిలో కలుస్తుంది. మీ బెంగళూరు కొళాయిలో వచ్చేది దీన్ని తడిపి వచ్చిన నీళ్ళే" అన్నారు. మా కొళాయిలో నీళ్ళు వస్తే కదా అన్నాను. ఆయన నవ్వలేదు.

అక్కడ పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంట ఒకటి ఉంది. అమ్మాయిది పొడవాటి ఎర్ర గౌను. ఫోటోగ్రాఫరు మూడు సార్లు "అజ్జా, కొంచెం పక్కకు" అన్నాడు. అజ్జకు వినబడితే కదా. ఆవులు కాసే పెద్దాయన ఒకాయన వచ్చి, ఈ గోడలు బెల్లం, కోడిగుడ్లు కలిపిన సున్నంతో కట్టారు, అందుకే ఇన్నేళ్ళు నిలిచాయి అని చెప్పాడు. నాన్నకు ఎక్కడో తగిలింది. "బెల్లం సరే. కరక్కాయ నీళ్ళు కూడా సరే. డంగు సున్నంలో అవి మామూలే. గుడ్డు సంగతి చూడాలి" అని గొణుక్కున్నారు. ఆ "చూడాలి" నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

మర్నాడు హొళెనరసీపురలో టిఫిను. బిల్లు ఇవ్వడానికి నాన్న చొక్కా జేబులో చెయ్యి పెడితే చిల్లరతో పాటు బల్ల మీద ఠప్పని పడింది. గుప్పెడంత గారపెచ్చు. ఒకవైపు ఇటుక ఎరుపు అంటుకుని ఉంది.

నేను ఆయన ముఖం చూశాను. ఆయన సాంబారు గిన్నె చూశారు.

"నాన్నా, ఇది..."

"కింద పడి ఉన్నదే. గోడలోంచి పీకలేదు."

నాకు నవ్వు ఆగలేదురా. ఆయన మాత్రం పట్టుబడ్డాక ఇక దాచడం దేనికన్నట్టు, కారులోంచి నిమ్మకాయ తెప్పించి, సర్వరును కత్తి అడిగి, కోసి దాని మీద పిండారు. సన్నగా నురుగు పట్టింది. "చూశావా! సున్నం. ఇన్నేళ్ళు నీళ్ళలో నానినా సున్నం సున్నమే!" పక్క బల్లవాళ్ళు లేచి వచ్చారు. గుడ్డు సంగతి ఏమిటి నాన్నా అంటే, "గుడ్డు సంగతి నిమ్మకాయ చెప్పదు" అన్నారు చాలా గంభీరంగా. సర్వరు కూడా అవునన్నట్టు తల ఊపాడు.

తరువాత కాఫీ వచ్చింది. తాగలేదు. ఆ పెచ్చును రుమాలుతో తుడుస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి అన్నారు: "81లో నేను ఇళ్ళు కొలిచాను."

తెలుసన్నాను. శ్రీశైలం ముంపు ఊళ్ళలో నష్టపరిహారానికి కొలతలు తీశారని మనకు చిన్నప్పుడే తెలుసు. అప్పటి టేపు తోలుపెట్టెతోనే కదా మనం బస్సాట ఆడింది.

"గోడ పొడవు, ఎత్తు, మందం. ద్వారబంధం వేరే. కప్పు వేరే. అన్నీ ఎం.బుక్కులో, అదే కొలతల పుస్తకంలో, ఎక్కించాలి. ఒక ఇంట్లో ముసలావిడ, పొయ్యి కూడా రాసుకో నాయనా అంది. పొయ్యికి లెక్క లేదమ్మా అన్నాను."

అంతే. ఇంకేమైనా చెబుతారేమోనని చూశాను. ఆ ఊరి పేరు అడిగాను. కాఫీ చల్లారిందని సర్వరును పిలిచారు. నలభై ఏళ్ళకు పైగా రోజూ 885, 885 అంటూనే ఉన్నారు కదరా, ఒక్కసారైనా మనం... ఏమో. రాస్తుంటే ఏదోగా ఉంది.

కారెక్కాక, "వెనక్కి తిప్పు" అన్నారు.

దగ్గర దగ్గర యాభై కిలోమీటర్లు! మోకాళ్ళ నొప్పి మనిషి! అక్కడికి పోయాక ఇంకో గొడవ. ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టాలట. ఎక్కడ దొరికిందో ఆయనకు గుర్తులేదు. ఎండలో అరగంట ఒక్కో సందులో పెట్టి చూడటం, పట్టకపోతే తీసి ఇంకో సందులో పెట్టడం. అదే పెద్దాయన మళ్ళీ ఆవులతో వచ్చి, ఏం పోగొట్టుకున్నారని అడిగాడు. నాన్న వచ్చీరాని కన్నడంలో మొత్తం ఒప్పుకున్నారు, నిమ్మకాయతో సహా. ఆయన పెద్దగా నవ్వి, తన చేతికర్రతో దక్షిణం గోడలో ఒక సందు చూపించాడు. అక్కడ పట్టింది. వదులుగా ఉందని నాన్న కిందకు వంగి, రాతి ముక్క ఏరి, చీలలా బిగించి, బొటనవేలితో నొక్కి చూసి, రెండడుగులు వెనక్కి వేసి పని చూసుకున్నారు. బిల్లు పాసు చేసే ముందు చూస్తారే, అచ్చం అలా. "జూలైకి నీళ్ళు వస్తాయి. అప్పటిదాకా ఉంటుంది" అన్నారు.

గంజాం చూడనే లేదు. దుబోయిస్ చీటీ వెనకవైపు ఆ పెద్దాయన ఫోను నెంబరు రాసుకున్నారు. నీళ్ళు ఎంత ఎక్కాయో వానాకాలంలో ఫోను చేసి కనుక్కుంటారట. ఇంకా మార్చి కూడా రాలేదు, ఇప్పటికే రెండుసార్లు చేశారు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఏ భాషలో మాట్లాడుకుంటారో నాకు అంతుబట్టదు, ఒకసారి మాత్రం ఆవుకు కడుపుబ్బరమని వినబడింది.

నీకు ఇంకోటి చెప్పాలి, ఆ రాత్రి హాసన్ లాడ్జిలో ఆయన నిద్రలో... ఉండు, కింద ట్యాంకరు హారను కొడుతోంది. మన అంతస్తువాళ్ళే వాల్వు తిప్పాలి ఈ వారం. నాన్న అప్పుడే టేపు పట్టుకుని మెట్లు దిగుతున్నారు, పోయినసారి ట్యాంకరువాడు వెయ్యి లీటర్లు తక్కువ పోశాడని ఆయన అనుమానం. నేను వెళ్ళకపోతే కొట్లాట అవుతుంది. మిగతాది తరువాత...

నీ,
గోడకుర్చీ