చేసిన తప్పునూ వచ్చిన జబ్బునూ ఒకే పద్దులో రాయవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారములు. అమెరికా మట్టి ట్రాకుల మీద నాలుగు దశాబ్దాల పాటు కారు నడిపిన స్కాట్ బ్లూమ్‌క్విస్ట్ 2024 ఆగస్టు 16న టెనెసీ రాష్ట్రం మూర్స్‌బర్గ్‌లో, తన కుటుంబానికి చెందిన వ్యవసాయ క్షేత్రంలోనే, చిన్న విమానం కూలి మరణించిన సంగతి మన పాఠకులలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. తెలిసిన కొద్దిమంది మధ్య మాత్రం ఆయన గురించిన వాదం ఇంకా చల్లారలేదు. వరంగల్ ఆటోనగర్‌లో నేను నడుపుతున్న ట్రాక్టర్ మరమ్మతు షెడ్డులో అది వారానికి ఒక్కసారైనా లేస్తున్నది కాబట్టి, నాకు తోచిన నాలుగు మాటలు మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాలేజీల మధ్య జరిగే బండ్ల పోటీ కోసం ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక బండిని తయారు చేసుకుంటూ, దాని పైపుల పంజరానికి వెల్డింగ్ చేయించుకోవడానికి మా షెడ్డుకు వస్తుంటారు. ఇద్దరికీ మట్టి పందేలంటే ప్రాణం. ఒకడికి బ్లూమ్‌క్విస్ట్ దేవుడు. ఆయన మీద పెట్టిన మత్తుమందుల కేసు గిట్టనివాళ్ళు పన్నిన కుట్ర అని వాడి నమ్మకం. రెండోవాడు హుజూరాబాద్ వైపు పిల్లవాడు, చురుకైనవాడు. వాడు “చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా” అని మొదలుపెట్టి, ఆయన కాలు విరగడం, క్యాన్సర్ రావడం, చివరకు విమానం కూలడం అన్నీ ఆ పాత పాపానికి వచ్చిన ఫలమేనని తేల్చేస్తాడు. ఈ ఇద్దరి మాటలతోనూ నాకు పేచీ ఉన్నది. రెండోవాడి మాటతో మరీ ఎక్కువ ఉన్నది.

ముందుగా ఆయన నడిపిన “లేట్ మోడల్” కార్ల పందెం ఎటువంటిదో చెప్పాలి, ఎందుకంటే ఒకచోట వచ్చిన చిన్న వార్తలో దానిని “పాత మోడల్ కార్ల పందెం” అని అనువదించగా చదివాను. “లేట్ మోడల్” అంటే ఈ మధ్య కాలపు మోడల్ అని అర్థం. ఆ పేరు పడిన రోజులలో కొత్తగా వచ్చిన కార్లను పాతవాటి నుంచి వేరు చేసి చెప్పడానికి ఆ మాట వాడారు. ఇప్పుడు ఆ కార్లకూ బజారులో తిరిగే కార్లకూ పోలికే లేదు. పైపులతో కట్టిన చట్రం, దాని మీద పల్చని రేకు, ముందు అద్దం ఉండదు, లోపల 800 హార్స్‌పవర్‌కు పైబడిన వీ-8 ఇంజను, అన్నీ కలిపి బరువు సుమారు 1,050 కిలోలు. మా షెడ్డుకు వచ్చే 50 హార్స్‌పవర్ ట్రాక్టరు దాదాపు రెండు టన్నులు తూగుతుందంటే ఆ బండి ఎంత తేలికో, ఎంత మొండిదో ఊహించుకోవచ్చు. ట్రాకు బంకమట్టిది, మలుపు ఎప్పుడూ ఎడమకే. మన కొత్తకొండ జాతరలో ఎడ్లబండ్లు గుడి చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతాయి గనుక ఎప్పుడూ కుడికే మళ్ళుతాయి. అక్కడ అంతా అప్రదక్షిణమే. కారు ఎడమకు తిరుగుతుండగా డ్రైవరు స్టీరింగును కుడికి తిప్పి పట్టుకుంటాడు, వెనుక చక్రాలు మట్టిని చిమ్ముతూ పక్కకు జారుతుంటాయి. కొత్తగా చూసేవారికి బండి అదుపు తప్పినట్టే కనబడుతుంది.

ఒహైయోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి దగ్గరికి పోయినప్పుడు, 2018 జూన్‌లో, వాడు నన్ను రాస్‌బర్గ్ దగ్గరి ఎల్డోరా స్పీడ్‌వేకు తీసుకుపోయాడు. అది 1954లో ఎర్ల్ బాల్టెస్ కట్టించిన అర మైలు ట్రాకు. 1971 నుంచి జరుగుతున్న “వరల్డ్ 100”, 1994లో మొదలైన నాడే విజేతకు లక్ష డాలర్లు ఇచ్చిన “డ్రీమ్” అనే రెండు పెద్ద పందేలు అక్కడివే. సాయంత్రం నీళ్ళ ట్యాంకర్లు ట్రాకును తడుపుతుంటే వచ్చిన వాసన, తొలకరికి మా చెల్క తడిసినప్పటి వాసనే. మొదటి పందేలలో గోలీలంత మట్టి పెళ్ళలు ఎగిరి మా ఒళ్ళో పడ్డాయి. రాత్రి పొద్దుపోయేసరికి అదే మట్టి ఆరి, నల్లబడి, అలికిన అరుగులాగా మెరవసాగింది. అప్పుడిక టైరుకు పట్టు దొరకదు. తడి మిగిలేది బయటి గోడ పక్కన, చక్రాలు చిమ్మిన మట్టి గట్టులాగా పేరుకున్న చోట మాత్రమే. పుర్రె గుర్తుతో, సున్నా నంబరుతో పేరుపడిన బ్లూమ్‌క్విస్ట్ పేరు మైకులో వినబడగానే సగం మంది లేచి ఈలలు వేశారు, సగం మంది ఎగతాళిగా అరిచారు. మా ముందు వరుసలో నల్ల టీషర్టు తొడుక్కున్న ఒక తండ్రి చప్పట్లు కొడుతుంటే, పక్కనే కూర్చున్న ఆయన కొడుకు, పన్నెండేళ్ళు ఉంటాయేమో, బొటనవేలును కిందికి తిప్పి చూపాడు. తండ్రి నవ్వి వాడికి ఆలుగడ్డ వేపుడు పొట్లం అందించాడు. బతికి ఉండగానే ఒకే ఇంట్లో రెండు పక్షాలను తయారు చేసిన మనిషి మీద పోయిన తర్వాత వాదం నడవడంలో వింత లేదు.

ఆ రాత్రి ఆయన డ్రీమ్‌ను ఎనిమిదోసారి గెలిచారు. అంతకుముందే 1988, 1990, 2001, 2014 సంవత్సరాలలో వరల్డ్ 100ను గెలిచి ఉన్నారు. మొదటిసారి గెలిచేనాటికి ఆయన వయసు 24. మొత్తం గెలుపులు 600కు పైమాటే. వరల్డ్ 100ను బిల్లీ మోయర్ అనే మరో డ్రైవరు ఆరుసార్లు గెలిచారు కదా, ఎవరు గొప్ప అని మా కుర్రవాళ్ళు తరచుగా కొట్లాడుకుంటారు. అంకెలు పుస్తకంలో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు, కాబట్టి ఆ తగవులో నేను తలదూర్చను.

నాకు గుర్తుండిపోయింది మరొకటి. పందెం ముగిశాక ప్రేక్షకులను కార్లు నిలిపే చోటికి పోనిచ్చారు. అక్కడ ఒక కారు వెనుక రేకు తీసి ఉంటే వంగి చూశాను. వెనుక ఇరుసును పట్టుకునే కడ్డీలను బిగించడానికి ఒక్కొక్క పట్టీకి వరుసగా నాలుగైదు రంధ్రాలు ఉన్నాయి. కడ్డీని ఒక రంధ్రం పైకి మారిస్తే, యాక్సిలరేటరు నొక్కినప్పుడు కారు వెనుక భాగం ఎంత లేస్తుందో, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతుందో అంతా మారిపోతుంది. ఆ మీద స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైరు రబ్బరు మెత్తదనం. సాయంత్రం తడిగా ఉన్న మట్టికి సరిపోయిన అమరిక రాత్రి ఆరిన మట్టికి పనికిరాదు గనుక, వంద చుట్లలో చివరి ఇరవై చుట్లు నేల ఎట్లా ఉండబోతున్నదో బండి కదలకముందే అంచనా కట్టాలి. బ్లూమ్‌క్విస్ట్ పేరు నిలబడింది ఇక్కడ. ఆయన తాను నడిపే చట్రాన్ని తానే రూపొందించుకున్నారు; “స్వీట్-బ్లూమ్‌క్విస్ట్”, తర్వాత “టీమ్ జీరో” పేర్లతో కార్లు తయారు చేసి ఇతర డ్రైవర్లకూ అమ్మారు.

ఈ మాటకు సాక్ష్యం కావాలంటే 2013 సంవత్సరం చాలు. ఆ జూన్‌లో తన కారులో ఎల్డోరాలో ఆరోసారి డ్రీమ్ గెలిచిన మనిషి, జులైలో అదే ట్రాకు మీద, అమెరికాలో పెద్ద కార్ల పందేలు నడిపే నాస్కార్ సంస్థ ట్రక్కుల పందెంలో ఇతరుల ట్రక్కు నడిపి 25వ స్థానంలో నిలిచారు. 1970 తర్వాత నాస్కార్ జాతీయ స్థాయి పందెం మట్టి మీద జరగడం అదే మొదటిసారి కాబట్టి అందరి కళ్ళూ ఆయన మీదనే ఉన్నాయి. మట్టి అదే, మలుపులు అవే, చేతులు అవే. తన చేతితో అమర్చిన బండి మాత్రం కాదు. మా షెడ్డులో దేవుడు, దయ్యం అని కొట్లాడుకునే ఇద్దరూ ఈ సంగతిని ఒక్కసారి కూడా ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక జైలు సంగతి. 1990లలో మాదకద్రవ్యాల కేసులో కోర్టు ఆయనకు శిక్ష వేసింది, ఆయన జైలులో ఉన్నారు. దానిని కుట్ర అనడానికి మా మొదటి కుర్రవాడి దగ్గర అభిమానం తప్ప ఏ ఆధారమూ లేదు. తర్వాత 2002లో ఆయనను ఈ పందేలలో గొప్పవారిని గౌరవించే నేషనల్ డర్ట్ లేట్ మోడల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. చేర్చినవారికి ఆ కేసు తెలియదని అనుకోగలమా? తెలిసే చేర్చారు. దానిని దాచిపెట్టకుండానే ఆయన పనితనాన్ని ఒప్పుకోవడం వాళ్ళకు సాధ్యమైనప్పుడు, ఇక్కడ ఆటోనగర్‌లో కూర్చున్న మనం దాచవలసిన అవసరం ఏమిటి?

ఇందులో నాకు సొంత అనుభవం ఉన్నది. నాకు పని నేర్పిన ఉస్తాద్ డీజిల్ పంపు టైమింగును గేజీ లేకుండా, ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడిని చెవికి పెట్టుకుని సరిచేసేవారు. తాగేవారు కూడా. ఒక నాట్ల సీజనులో తాగిన చేతితో పంపు తప్పుగా అమర్చితే పరకాల వైపు రైతు ట్రాక్టరు దమ్ము మధ్యలో ఆగిపోయి, నాలుగు రోజులు నిలిచిపోయి, ఆయన నారు ముదిరిపోయింది. క్షమించమని అడగడానికి ఆ పొలానికి పోయినవాణ్ణి నేనే. ఉస్తాద్ పోయిన రోజున శవం దగ్గర కూర్చున్నవారిలో సగం మంది తాగుడు మాటే ఎత్తారు, మిగిలినవారు ఆయన చుక్క ముట్టలేదన్నట్టు మాట్లాడారు. ఆ రైతు కూడా వచ్చాడు. “ఆ యేడు నన్ను ముంచిండు, అయినా ఆయన చెయ్యి పడ్డ ఇంజనే నా దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది” అని ఊరుకున్నాడు. నష్టపోయినవాడు చెప్పిన ఆ రెండు ముక్కలంత న్యాయంగా ఆ రోజు మరెవరూ మాట్లాడలేదు.

అయితే తాగి పంపు పాడుచేయడం ఉస్తాద్ చేసిన పని. ఆయనకు చివరలో వచ్చిన పక్షవాతం ఆయన చేసింది కాదు. బ్లూమ్‌క్విస్ట్ విషయంలో నా పేచీ అంతా ఈ తేడా దగ్గరే. మత్తుమందు ఆయన ఎంచుకున్నది, దానికి కోర్టు వేసిన శిక్ష అనుభవించారు, ఆ లెక్క అక్కడికి సరి. 2019 మార్చిలో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగి కాలికీ తుంటికీ గట్టి దెబ్బలు తగిలాయి; ఎనిమిదో డ్రీమ్ గెలిచి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ఆ తర్వాత వెన్నుకు శస్త్రచికిత్స, ప్రోస్టేట్ క్యాన్సర్. పెద్ద పందేలలో మునుపటి గెలుపులు మళ్ళీ రాలేదు, అయినా ఆయన కారు ఎక్కడం మానలేదు. ఆ అయిదేళ్ళను కొందరు పతనం అంటారు, మా హుజూరాబాద్ పిల్లవాడు శిక్ష అంటాడు. యాభై అయిదేళ్ళ వయసులో తుంటి దెబ్బతిన్నవాడు గంటల తరబడి కారు కింద పడుకుని లేవడం ఎంత కష్టమో, మోకాళ్ళు అరిగి జాకీ పక్కన కూలబడి లేవలేకపోతున్న నన్ను అడిగితే చెబుతాను.

మా షెడ్డుకు ఎదురుగా పంక్చర్లు వేసుకుని బతికే ఒక పెద్దమనిషి ఉన్నాడు. బీడీ కూడా ముట్టడు. నిరుటి నుంచి కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు. మొన్న కర్మ మాట మళ్ళీ వచ్చినప్పుడు, “రోడ్డు దాటి పోయి ఆయన ముందర ఈ మాట అనిరా” అని పిల్లవాడితో అన్నాను. “అది వేరు కాకా” అన్నాడు. ఎట్లా వేరో చెప్పమంటే చెప్పలేక, ఆకురాయి తీసుకుని పైపు అంచు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

విమానం కూలిన తీరు గురించి కూడా కుర్రవాళ్ళు ఏవేవో ఊహిస్తున్నారు. అది విమాన ప్రమాదాలు విచారించేవారి పని. ఆయనకు ఒక కూతురు ఉన్నది. తండ్రి చావు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు అల్లే కథలు ఆమెకు ఏ భాషలో చేరినా బాధే.

చివరగా మీకు ఒక మనవి. ఆయన గురించి నేను తెలుగులో చదివిన ఒకటి రెండు వార్తలలోనూ “వివాదాస్పద రేసర్” అన్న రెండు మాటలతోనే సరిపెట్టారు. వివాదాస్పద అన్న మాటను తీసేయమని నేను అడగడం లేదు. ఇకముందు మీ క్రీడల పేజీలో ఆయన ప్రస్తావన వస్తే, ఆ పక్కనే “కార్ల తయారీదారు” అన్న మాటను కూడా చేర్చవలసిందిగా, లేట్ మోడల్‌ను దయచేసి పాత మోడల్ చేయవద్దని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ట్రాక్టర్ మెకానిక్,
ఆటోనగర్, వరంగల్.