ఐదు నెలలు నాకు చదివి వినిపించిన మీ అందరికీ

నిన్న ఉదయం నా కళ్లతో నేను ఒక అధ్యాయం చదివాను. 117వ కీర్తన. రెండే వచనాలు, బైబిలు మొత్తంలో అంతకన్నా చిన్న అధ్యాయం లేదు. కొత్త అద్దాలు వచ్చినా కొన్నాళ్లపాటు పది నిమిషాలకు మించి చదవవద్దని డాక్టరు గారు చెప్పారు కాబట్టి, ముందే ఆలోచించి దాన్ని ఎంచుకున్నాను. చదివి పుస్తకం మూశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మీరు చేసినదానికి ఒక్కొక్కరి ఇంటికి వచ్చి వందనాలు చెప్పాలని ఉంది. వస్తాను కూడా. అంతకుముందు నలుగురికీ తెలిసేలా ఇక్కడ చెప్పాలనిపించింది. పేర్లు రాయవద్దని మీరే కోరారు, రాయడం లేదు. మాటలు నావి, టైపు చేస్తున్నది మా అమ్మాయి.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచిన వారం, పదో తరగతికి లెక్కలు చెబుతుండగా ఎడమ కంట్లో మెరుపులు మెరిసినట్లయింది. నల్లటి చుక్కలు తేలాయి. నిద్ర చాలక అనుకున్నాను. మూడో రోజుకు కంటి కింది భాగంలో తెర దించినట్లు నీడ కమ్మింది. రెటీనా ఊడిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని అన్నారు. (మీలో ఎవరికైనా ఇలా మెరుపులు, చుక్కలు కనిపిస్తే దయచేసి ఒక్కరోజు కూడా ఆగకండి. నేను ఆగిన ఆ రెండు రోజుల ఖరీదు నాకు తెలుసు.) ఆపరేషన్‌లో కంటి లోపల గ్యాసు బుడగ పెట్టారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను గోడకు అదిమి ఉంచాలంటే పది రోజులు బోర్లా పడుకోవాలి, లేదా తల వంచుకుని కూర్చోవాలి. రెండో కంట్లోనూ బలహీనంగా ఉన్నచోట లేజర్ చేశారు. ఆ తర్వాత ఆపరేషన్ అయిన కంటికి శుక్లం కమ్మింది, మే నెలలో అదీ తీశారు. ఈ మధ్యకాలమంతా చదువు బంద్.

నా తరగతులు పంచుకున్న తోటి ఉపాధ్యాయులకు, వంట సంగతి చూసుకున్న మా సంఘంలోని స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, ఆసుపత్రికి తోడు వచ్చినవారికి నేను ఎప్పటికీ ఋణపడి ఉంటాను. కానీ ఈ ఉత్తరం ముఖ్యంగా సాయంత్రం ఆరున్నర గురించి.

మొదటి ఆరున్నరకు వచ్చింది మా యువజన సహవాసంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి. నేను నేల చూస్తూ కూర్చున్నాను. పలకరించడానికి వచ్చిందనుకుంటే, చాప వేసుకుని పక్కన కూర్చుని బైబిలు తీసింది. "ఆంటీ, 119వ కీర్తన రోజుకు ఎనిమిది వచనాలు చదువుదాం" అంది. ఆ కీర్తనలో 176 వచనాలు. హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు. ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఇరవై రెండు ఎనిమిదులు 176. లెక్కల టీచర్ని, నాకు ఆ అమరిక అప్పటివరకు తెలియదు. మూడో సాయంత్రం 18వ వచనం వచ్చింది: "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము." ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. నేను తల ఎత్తకూడదు, తను నా ముఖం చూడలేదు. ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం. తొమ్మిదో సాయంత్రం 71వ వచనం, శ్రమ పొందడం నాకు మేలైంది అనేది వచ్చింది. దానికి ఆమెన్ అనలేకపోయాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "అనవద్దులే ఆంటీ, ఇక్కడ గుర్తు పెట్టుకుందాం" అని పెన్సిలుతో గీత గీసింది. ఆ గీత ఇప్పుడు నేను చూడగలను. అమ్మా, నీకు నా మొదటి కృతజ్ఞత.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను పుట్టుకతో సంఘంలో ఉన్నదాన్ని. ఆదివారం తప్పిపోయినది తక్కువ. ప్రతి జనవరి ఒకటిన, ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని మొదలుపెట్టేదాన్ని. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకు మూడుకు కాస్త ఎక్కువ. ఆదికాండము 50, నిర్గమకాండము 40. రోజుకు మూడు చొప్పున జనవరి 31కి లేవీయకాండము వస్తుంది. చాలా ఏళ్లు నా చదువు అక్కడే ఆగింది. బలుల వివరాలు అర్థం కాక కాదు. ఎందుకు చదువుతున్నానో అడిగేవారు, వినేవారు లేక. పేజీలు తిప్పడమే చదవడం అనుకున్నాను. బోర్లా పడుకున్న ఆ పది రోజుల్లో, పుస్తకం లేకుండా నాకు ఏమి వచ్చో వెతుక్కుంటే, 23వ కీర్తన, పరలోక ప్రార్థన, గోడ క్యాలెండర్ల మీది వచనాలు తప్ప చేతికి పెద్దగా ఏమీ తగల్లేదు. నలభై ఎనిమిదేళ్లు వాక్యం విన్న మనిషికి అది చాలా బాధ.

ఫోనులో బైబిలు వినవచ్చు కదా అని కొందరు అన్నారు. విన్నాను, మంచిదే. కానీ ఫోను మధ్యలో ఆగి, ఇది నీకు అర్థమైందా అని అడగదు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి ఫిలిప్పు అడిగింది ఆ ప్రశ్నే. ఎవరూ త్రోవ చూపకపోతే ఎలా గ్రహిస్తానని ఆయన అన్నాడు. ఫిలిప్పును రథమెక్కి తన పక్కన కూర్చోమన్నాడు. మా ఇంటి చాప మీద ఐదు నెలలు జరిగింది అదే.

రెండో కృతజ్ఞత పెద్దమ్మకు. ఆమె బడికి వెళ్లలేదు. పెళ్లయ్యాక, బైబిలు చదవాలనే కోరికతో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంది. ఇప్పటికీ వరుస కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ గొణిగినట్లు చదువుతుంది. మంగళ, గురువారాలు ఆమెవి. ఒకరోజు మా సంఘ కాపరి అయ్యగారు వచ్చి ఆమె చదవడం విని ఒక మాట చెప్పారు. మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించువాడు అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు లోలోపల గొణుక్కోవడం అనే అర్థం ఉందట. యెషయా 31లో వేట మీద నిలబడి సింహం చేసే గర్జనకు, 38లో గువ్వ మూలుగుకు కూడా అదే మాట వాడారట. కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడమే ధ్యానం అని నేను అనుకుంటూ ఉన్నాను. పెద్దమ్మ గొణుగుడును మా ఇంట్లో చిన్నపిల్లలు అనుకరించేవారు. ఆ రోజు నుంచి మానేశారు.

ఆమెది కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద ఊరు. నీటికాలువల యోరను నాటబడిన చెట్టు అనే వచనం దగ్గర నేను, ఇన్నాళ్లు చదవనిది ఇప్పుడు రోజూ గంటలు గంటలు విని పూడ్చుకుంటాను పెద్దమ్మా అన్నాను. ఆమె వేలు తీయకుండానే జవాబు చెప్పింది: "ఏడాది నీళ్లు ఒక్కరోజే వదిలితే గట్టు తెగుతుంది బిడ్డా, పైరు తడవదు. వంతు ప్రకారం రానీ." అప్పటి నుంచి మా వంతు అరగంట. అంతకు మించి ఎవరినీ చదవనివ్వలేదు.

ఇక మా ఎదురింటి తెలుగు మాస్టారు. ఆయన మా విశ్వాసానికి చెందినవారు కారు. చూపు పోయిన మనిషిని పలకరించడానికి వచ్చి, చదువుతున్న తెలుగు చెవిన పడి కూర్చున్నారు. ఆ తర్వాత ప్రతి బుధవారం వచ్చారు. మన బైబిలు భాష పాతది. తెలుగులో కొత్త నిబంధన బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది 1818లో, పూర్తి బైబిలు వెలువడింది 1854లో. ఆ గ్రాంథిక వరుస మన చేతి పుస్తకంలో నేటికీ ఉంది. మనం వింటాం, తల ఊపుతాం, సగం మాటలు జారిపోతాయి. మాస్టారు ఏ మాటనూ జారనివ్వలేదు. అనుమానం వస్తే బ్రౌన్ నిఘంటువు తెచ్చేవారు. ఆ నిఘంటువు 1852లో అచ్చయింది. బ్రౌను దొర కడపలో కొన్న బంగళాలో పండితులను కూర్చోబెట్టి తెలుగు గ్రంథాలు పరిష్కరించారని, ఆ చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టారని ఆయన చెబుతుంటే, ఎర్రముక్కపల్లె మీదుగా ఇన్నేళ్లు తిరిగి ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదే అనుకున్నాను.

ఆయన వల్ల నాకు తెలిసినది ఒక్కటి వివరంగా రాస్తాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి ఒక వచనం అచ్చువేసి ఇచ్చేది) యిర్మీయా 29:11. మీకు కంఠతా వచ్చే వచనమే: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మూడు వారాలు తిరగకుండా కన్ను పోయింది. ఆ కార్డు మీద నాకు కోపం వచ్చింది. చించివేయమని మా ఆయనతో అన్నాను కూడా. ఒక బుధవారం అది బయటపడింది. మాస్టారు, "ఇది ఎవరు ఎవరికి రాసిన మాట? దీనికి ముందు ఏముంది?" అని అడిగారు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. డిగ్రీ అమ్మాయి ఆ అధ్యాయం మొదటి నుంచి చదివింది. అది ఉత్తరం. బబులోనుకు చెరగా వెళ్లినవారికి యెరూషలేము నుంచి యిర్మీయా పంపినది. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. పదో వచనంలో, డెబ్బది సంవత్సరములు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. ఆ తర్వాతే నా కార్డు మీది మాట. విన్నవారిలో ఎంతోమంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు.

అప్పుడు మాస్టారు రెండు మాటల దగ్గర ఆపారు. సమాధానం అంటే జవాబు ఒక్కటే కాదు. పాత తెలుగులో శాంతి, సఖ్యత, మనసు కుదుటపడటం. నేను దేవుణ్ణి జవాబు అడుగుతూ వచ్చాను. ఆ వచనంలో ఉన్న నిరీక్షణ, మనం ఆశ అనుకుని దాటిపోయే మాట, అసలు ఎదురుచూడటం. నా కార్డు మీద అచ్చయిన వచనంలోనే ఎదురుచూడమని ఉంది, నేను చూడలేదు. కార్డు చించలేదు. బైబిలులో ఆ పేజీలో ఉంది. మాస్టారూ, మీకు నమస్కారం. నా గ్రంథాన్ని నాకన్నా శ్రద్ధగా చదివారు.

అయ్యగారికి ప్రత్యేక వందనాలు. వేరే మతస్థుడు మీ ఇంట్లో వాక్యానికి అర్థం చెప్పడం ఏమిటని ఒకరు అడిగినప్పుడు, మీరే అపొస్తలుల కార్యములలోని బెరయ పట్టణపు వారి సంగతి చెప్పారు. పౌలు అంతటివాడు చెప్పినా, అవి అలాగే ఉన్నవో లేవో అని వారు ప్రతిదినమును లేఖనములు పరిశోధించారు. "నా ప్రసంగాన్ని కూడా ఇంటికి వెళ్లి అలా చూడండి" అన్నారు. సంఘ కాపరి నోట ఆ మాట వినడం నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. కువైట్ నుంచి ప్రతి శుక్రవారం, సెలవు రోజున నిద్ర మానుకుని ఫోనులో మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ నాకు చదివిన మా తమ్ముడికి ముద్దులు.

ఆరున్నర ఆగలేదు. ఈ బుధవారం రోమా పత్రిక ఐదో అధ్యాయం. మాస్టారు నిఘంటువుతో వస్తారు. మా ఇంట్లో చాపలు చాలినన్ని ఉన్నాయి, రావాలనుకున్నవారు రండి. పెద్దమ్మకు కుడికన్ను మసకగా ఉందని మొన్న తెలిసింది. డాక్టరుకు చూపించేవరకు మంగళవారం ఆమె వంతు ఎనిమిది వచనాలు నేను చదువుతాను. పది నిమిషాలకు అవి సరిపోతాయి.

మీరు కూరలు పంపిన స్టీలు డబ్బాలు ఏడు మా వంటింట్లో ఉన్నాయి. మూతల మీద పేర్లు లేవు. కడిగి సంచిలో పెట్టాను, ఆదివారం ఆరాధన తర్వాత గుడి మెట్ల దగ్గర ఉంటాను. మీవి మీరు గుర్తుపట్టి తీసుకోండి.