విజువల్ వాయిస్‌మెయిల్ ఆగిపోయింది: లోపం ఫోన్లలో కాదు, మీ సర్వర్ నమోదులో ఉంది

విషయం: ఈసిమ్‌కు మార్చిన ఏడు లైన్లలో విజువల్ వాయిస్‌మెయిల్ పునరుద్ధరణ గురించి

కస్టమర్ సేవల విభాగాధికారి గారికి,

నమస్కారం. మా సంస్థలో ఫోన్ లైన్లు చూసుకునే సాంకేతిక విభాగం తరఫున ఈ ఫిర్యాదు రాస్తున్నాం. మీ దగ్గర తీసుకున్న లైన్లలో ఏడింటికి పాత సిమ్ బదులు ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఏడింటిలోనూ విజువల్ వాయిస్‌మెయిల్, అంటే కాల్ ఎత్తనప్పుడు అవతలివారు వదిలిన మాటలను తెర మీద జాబితాగా చూపే సేవ, పనిచేయడం లేదు. 1 అంకె నొక్కి పట్టుకుని పాత పద్ధతిలో వింటే సందేశాలు వినిపిస్తున్నాయి. తెర మీద జాబితా మాత్రం ఖాళీ. నాలుగుసార్లు ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ నాలుగుసార్లూ ఒకే మాట చెప్పింది: ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. రెండు ఫోన్లకు చేశాం. వాటిలోని సెట్టింగ్స్ అన్నీ పోయాయి, జాబితా మాత్రం ఖాళీగానే ఉంది. లోపం ఎక్కడుందో మేం వరుసగా తేల్చుకున్నాం. మీ సిబ్బంది కూడా అదే వరుసలో చూసుకోగలిగేలా ఇక్కడ రాస్తున్నాం.

మామూలు వాయిస్‌మెయిల్‌కైనా, విజువల్ వాయిస్‌మెయిల్‌కైనా సందేశం రికార్డయ్యేది మీ సర్వర్‌లోని మెయిల్‌బాక్స్‌లోనే. తేడా అంతా ఆ మెయిల్‌బాక్స్‌ను చేరే దారిలో ఉంది. పాత పద్ధతిలో ఫోన్ ఆ మెయిల్‌బాక్స్‌కు కాల్ చేస్తుంది, సందేశాలను వచ్చిన వరుసలోనే వినాలి. 2007లో ఐఫోన్‌తో జనంలోకి వచ్చిన విజువల్ పద్ధతిలో ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎన్ని సెకన్లు మాట్లాడారు అన్నది జాబితాగా కనిపిస్తుంది. పది సందేశాల్లో ముందు వినాల్సింది ఏదో చూసి దాన్నే తెరవచ్చు. వినికిడి సమస్య ఉన్నవారికైతే, సందేశాన్ని అక్షరాల్లోకి మార్చి చూపించే సదుపాయం వల్ల వాయిస్‌మెయిల్ మొత్తం ఇదే. ఆ ఏడు లైన్లలో ఒకటి అలాంటి ఉద్యోగిది. అందుకే మేం దీన్ని ఉంటే బాగుండు, లేకపోయినా ఫరవాలేదు అనే విషయంగా చూడటం లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ జాబితా ఎలా తయారవుతుందో చూద్దాం. మొబైల్ కంపెనీల వేదిక ఓఎంటీపీ నిర్దేశం 1.3 రూపంలో వచ్చి, ఇప్పుడు మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ దగ్గర టీఎస్ 46 పేరుతో ఉన్న ప్రమాణంలో ఇదంతా స్పష్టంగా రాసి ఉంది. వినియోగదారు స్విచ్ వేయగానే ఫోన్ మీరు కేటాయించిన నంబరుకు ‘యాక్టివేట్’ అనే ఎస్ఎంఎస్ పంపుతుంది. అది మెసేజ్‌ల జాబితాలో కనిపించదు. జవాబుగా మీ సర్వర్ ‘స్టేటస్’ ఎస్ఎంఎస్ పంపుతుంది. లైన్ నమోదై ఉంటే అందులో సర్వర్ చిరునామా, పోర్టు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ వస్తాయి. ఫోన్ వాటితో ఐమ్యాప్ ద్వారా, అంటే ఈమెయిల్ తెరిచినట్టే, మెయిల్‌బాక్స్‌లోకి లాగిన్ అవుతుంది. ఆ తర్వాత కొత్త సందేశం వచ్చినప్పుడల్లా ‘సింక్’ ఎస్ఎంఎస్ వచ్చి ఫోన్‌ను తట్టి లేపుతుంది. ఈ గొలుసులో ఫోన్ ఒక కొస మాత్రమే. మిగతాదంతా మీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకదానిలో, యాప్ లోపలే పట్టుకోవాల్సిన స్టేటస్ సందేశం మామూలు మెసేజ్‌ల మధ్యకు వచ్చి పడింది. చూసిన ఉద్యోగి అది మోసపు మెసేజ్ అనుకుని దాదాపు తీసేయబోయారు. రెండు ఏటవాలు గీతలతో మొదలైన ఆ వాక్యంలో ముఖ్యమైన భాగం ఇది: ‘వీవీఎం:స్టేటస్:ఎస్‌టీ=యూ;ఆర్‌సీ=5’. ఎస్‌టీ అంటే లైన్ స్థితి. అక్కడ ఎన్ ఉంటే కొత్త లైన్, ఆర్ ఉంటే వాడకానికి సిద్ధం, పీ ఉంటే నమోదై ఉంది కానీ సేవ ఇంకా మొదలవలేదు, బీ ఉంటే నిలిపివేశారు, యూ ఉంటే ఆ లైన్ ఎవరిదో సర్వర్‌కు తెలియదు. ఆర్‌సీ అంటే ఫలితం సంకేతం. 0 వస్తే అంతా సవ్యం, 3 వస్తే మెయిల్‌బాక్స్ తెలియదు, 5 వస్తే ఈ లైన్‌కు విజువల్ వాయిస్‌మెయిల్ నమోదు చేయలేదు. అంటే మీ సర్వరే మాకు రాతపూర్వకంగా చెప్పింది, ఈ లైన్ నమోదులో లేదని. ఈసిమ్‌కు మార్చేటప్పుడు పాత సిమ్‌తో పాటు ఆ సేవను తీసేసి, కొత్తదానికి తిరిగి చేర్చలేదని మా అభిప్రాయం. ఫోన్‌ను వందసార్లు రీసెట్ చేసినా సర్వర్ ఇదే జవాబు పంపుతుంది.

మీ సిబ్బంది ఇచ్చిన మరో సలహా నష్టమే చేసింది. ‘నెట్‌వర్క్ రిఫ్రెష్’ అని చెప్పి ##002# డయల్ చేయించారు. ఆ కోడ్ కాల్ మళ్లింపులన్నిటినీ చెరిపేస్తుంది. వాయిస్‌మెయిల్‌కు కాల్ చేరేదే షరతులతో కూడిన ఆ మళ్లింపుల మీదుగా. అందువల్ల రెండు లైన్లలో మామూలు వాయిస్‌మెయిల్ కూడా పోయింది. కాల్ చేసినవారికి రింగ్ వినిపించి వినిపించి కట్ అయిపోయింది. *#61# కొడితే జవాబివ్వనప్పుడు, *#62# కొడితే ఫోన్ అందుబాటులో లేనప్పుడు, *#67# కొడితే లైన్ బిజీగా ఉన్నప్పుడు కాల్ ఎక్కడికి వెళ్తుందో తెర మీద వస్తుంది. మూడింటికీ మీ వాయిస్‌మెయిల్ నంబరే రావాలి. ఆ రెండు లైన్లలో మూడూ ఖాళీగా కనిపించాయి. **004* కొట్టి, వాయిస్‌మెయిల్ నంబరు వేసి, చివర # పెట్టి డయల్ చేసి మేమే సరిచేసుకున్నాం. అయితే ఆ నంబరు మీ సహాయ పేజీలో ఎక్కడా లేదు. పనిచేస్తున్న మరో లైన్‌లో *#62# కొట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. ఎన్ని సెకన్ల తర్వాత కాల్ మళ్లాలో చెప్పే కోడ్ కూడా అందరికీ పనికొచ్చేదే: **61* తర్వాత నంబరు, ఆ పైన *11*, సెకన్లు, చివర #. సెకన్లు 5 నుంచి 30 దాకా, ఐదేసి చొప్పున పెరగాలి. 5 పెడితే జేబులోంచి ఫోన్ తీసేలోపే కాల్ వెళ్లిపోతుంది. 20 గానీ 25 గానీ పెడితే సౌకర్యంగా ఉంటుంది.

మూడో కారణంగా ‘మీ డేటా ప్యాక్ సరిపోవడం లేదేమో’ అన్నారు. వాయిస్‌మెయిల్‌కు సాధారణంగా వాడే, సెకనుకు 12.2 కిలోబిట్ల ఏఎంఆర్ (ఫోన్ మాటలను కుదించే పద్ధతి) రికార్డింగ్ నిమిషానికి సుమారు 96 కిలోబైట్లు. ఈమెయిల్ జోడింపు రూపంలోకి మారేటప్పుడు మూడో వంతు పెరిగి 128 కిలోబైట్ల దగ్గర ఆగుతుంది. ఒక మామూలు ఫొటో కన్నా తక్కువ. డేటా విషయంలో నిజంగా చూడాల్సింది పరిమాణం కాదు, దారి. చాలా నెట్‌వర్క్‌లలో ఐమ్యాప్ సర్వర్ కంపెనీ సొంత నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. మీదీ అంతే. వైఫై మీదుగా గానీ, వీపీఎన్ మీదుగా గానీ వెళ్తే సర్వర్ దొరకదు. మొదటి సెటప్ అప్పుడు వైఫై, వీపీఎన్ రెండూ ఆపి, మొబైల్ డేటా వేసి ఉంచాలన్న ఒక్క వాక్యం మీ సహాయ పేజీలో ఉంటే ఎంతోమంది సమయం మిగులుతుంది.

వాయిస్‌మెయిల్ పిన్ (మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్) దగ్గరి చిక్కు కూడా మీరే తెచ్చిపెట్టినది. కస్టమర్ కేర్ పిన్‌ను డిఫాల్ట్‌కు మార్చేస్తుంది, ఫోన్ మాత్రం పాతదాన్ని పట్టుకుని ఉంటుంది. అప్పుడు ఐఫోన్ ‘పాస్‌వర్డ్ తప్పు’ అని పదేపదే అడుగుతుంది. పిన్ మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో కూడా కొత్తది వేయాలని, అది ఎన్ని అంకెలు ఉండవచ్చో, వినియోగదారుకు ఆ కాల్‌లోనే చెప్పాలి. డిఫాల్ట్ పిన్‌ను అలాగే వదిలేయనివ్వకూడదు. అలాంటి పిన్‌లతోనే ఇతరుల వాయిస్‌మెయిల్ విన్న వ్యవహారం పెద్దదై, 2011లో బ్రిటన్‌లో ఒక వారపత్రికే మూతపడింది.

మీ పేజీలో సెటప్ గురించి ఉన్నది ‘యాప్ తెరిచి ఆన్ చేయండి’ అన్న ఒక్క మాట. దాని బదులు ఈ వరుస పెట్టమని కోరుతున్నాం. ముందుగా ప్లాన్‌లో విజువల్ వాయిస్‌మెయిల్ ఉందో లేదో చూపించాలి, లేకుంటే మిగతా శ్రమంతా దండగ. తర్వాత ఐఫోన్ అయితే ఫోన్ యాప్‌లో వాయిస్‌మెయిల్ తెరిచి, ‘సెటప్ నౌ’ నొక్కి, పాస్‌వర్డ్ రెండుసార్లు వేసి, గ్రీటింగ్ డిఫాల్ట్‌గా ఉంచడమో, ‘కస్టమ్’ నొక్కి రికార్డు చేసి సేవ్ చేయడమో చేయాలి. ఆ బటన్ రాకపోతే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కాసేపు ఆగాలి. మీరు విడుదల చేసిన క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ ఉంటే అక్కడే అడుగుతుంది. గూగుల్ ఫోన్ యాప్ అయితే మూడు చుక్కల మెనూలో సెట్టింగ్స్, అందులో వాయిస్‌మెయిల్, అక్కడ విజువల్ వాయిస్‌మెయిల్ స్విచ్. స్విచ్ బూడిద రంగులో ఉన్నా, అసలు కనపడకపోయినా తప్పు వినియోగదారుది కాదని కూడా రాయండి. రెండు సిమ్‌లు ఉంటే ఒక్కో సిమ్‌కు స్విచ్ విడిగా ఉంటుంది. యాక్టివేట్ ఎస్ఎంఎస్ ఏ లైన్ నుంచి వెళ్లిందో ఆ లైన్‌కే సేవ మొదలవుతుంది. మా లాంటి సంస్థలు ఖర్చు అదుపు కోసం షార్ట్‌కోడ్‌లకు (కొద్ది అంకెల సేవా నంబర్లకు) ఎస్ఎంఎస్ ఆపించుకుంటాయి. ఆ నిషేధం యాక్టివేట్ సందేశాన్ని కూడా మింగేస్తుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు. మా ఏడు లైన్లకూ ఆ నిషేధం లేదని ముందే సరిచూసుకున్నాం.

పరీక్షించే తీరు కూడా ముఖ్యమే. వేరే ఫోన్ నుంచి చేసి, కాల్ ఎత్తకుండా వదిలి, పది సెకన్లు మాట్లాడి పెట్టేయాలి. అయితే 2023లో ఐఓఎస్ 17తో వచ్చిన లైవ్ వాయిస్‌మెయిల్ ఆన్‌లో ఉంటే ఆ కాల్‌కు జవాబిచ్చేది ఐఫోనే, మీ సర్వర్ కాదు. మీ ప్రతినిధి ఒకరు ఇలా వచ్చిన సందేశాన్ని చూసే ‘పనిచేస్తోంది కదా’ అని ఫిర్యాదు మూసేశారు. లైవ్ వాయిస్‌మెయిల్ ఆపి, లేదా ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి సందేశం వదిలి, తర్వాత నెట్‌వర్క్‌లోకి తెచ్చి చూస్తేనే అది సరైన పరీక్ష. మేం అలా చేశాం. పాత పద్ధతిలో సందేశం వినిపించింది, జాబితాలోకి రాలేదు.

మీ నుంచి మేం కోరేవి ఇవి. ఏడు లైన్లకూ విజువల్ వాయిస్‌మెయిల్‌ను సర్వర్‌లో తిరిగి నమోదు చేసి, స్టేటస్ జవాబులో ఎన్ గానీ ఆర్ గానీ, ఆర్‌సీ 0 వస్తోందని మీ ఇంజనీరు చూసి మాకు రాతలో తెలపాలి. పని మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పండి: నమోదు తీసి మళ్లీ చేసేటప్పుడు పాత మెయిల్‌బాక్స్ చెరిగిపోయే పనైతే, అందులో ఇంకా వినని సందేశాలు ఉన్నాయి, వాటిని విని భద్రపరుచుకోవడానికి మాకు ఒక రోజు కావాలి. ఫిర్యాదు తీసుకునే సిబ్బంది తెర మీద ఎస్‌టీ, ఆర్‌సీ విలువలు కనిపించే ఏర్పాటు చేయాలి. అవి చూడకుండా ఎవరికీ ఫ్యాక్టరీ రీసెట్ చెప్పకూడదు. ##002# సలహాను మీ సూచనల నుంచి తీసేయాలి. సేవ ఆగిన రోజు నుంచి తిరిగి మొదలయ్యే రోజు దాకా ఈ సేవకు వసూలు చేసిన రుసుమును ఏడు లైన్ల బిల్లుల్లో సర్దాలి.

స్టేటస్ సందేశం తెరపట్టును (స్క్రీన్‌షాట్), *#61#, *#62#, *#67# ఫలితాల తెరపట్లను ఈ లేఖకు జతచేశాం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఎవరికంటా పడకూడదు కాబట్టి, అవి ఉండగల భాగాన్ని నల్లగా కప్పాం. లైన్ల నంబర్లు మా ఖాతా వివరాల్లో మీకు కనిపిస్తాయి. పది పనిదినాల్లోగా సమాధానం ఇవ్వండి. సర్వర్ వైపు పనిచేసే ఇంజనీరు నేరుగా మాతో మాట్లాడితే, ఏ ఫోన్‌లోనైనా ఆ క్షణమే స్విచ్ ఆపి మళ్లీ వేసి కొత్త యాక్టివేట్ సందేశం పంపిస్తాం. అది మీ వైపు చేరిందో లేదో అక్కడికక్కడే చూసుకోవచ్చు.

ఇట్లు,
ఫోన్ లైన్ల నిర్వహణ బృందం
సాంకేతిక విభాగం