లంకల కోతకు రాయి ఎక్కడ పడాలి?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల వెంట లంక భూములు కోసుకుపోతున్నాయి. ప్రమాద హెచ్చరిక ఉపసంహరించగానే గండం గడిచిందనుకుంటారు. కోతకు అసలు సమయం అదే. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదైనా, మామూలు వరదైనా ఇది మారదు.

లంక ఒడ్డున పైన ఒండ్రుమట్టి, కింద వట్టి ఇసుక. వరదకు ఒడ్డంతా నానుతుంది. ఏరు గబగబా తీసేసరికి లోపలి నీరు ఇసుకను వెంటేసుకుని బయటికి ఊరుతుంది. కింద డొల్లపడుతుంది, పైన ఏటి వెంబడే బీట తీస్తుంది. ఇక ఆ బీటకు ఏటి వైపున్న కొబ్బరి వరుస మొదళ్లతో సహా కూలుతుంది.

ఏరు వంపు తిరిగే చోట పైనీరు బయటి ఒడ్డుకు కొట్టుకుని అడుగుకు దిగుతుంది. అక్కడి ఇసుకను తవ్వి, దిగువన లోపలి వంపుల్లో మేట వేస్తుంది. మేట పెరిగేకొద్దీ ధార బయటి ఒడ్డునే ఒరుసుకుంటుంది. ఒక్క ఒడ్డునే చూసి అంచనాలు వేస్తే పని నిలవదు.

గట్టు పైవాలున రాయి పరిచి పాదాన్ని, అంటే వాలు ఏటి అడుగును తాకే చోటును వదిలేస్తే, అడుగు ఇసుక జారగానే ఆ రాతి కప్పు (రివిట్‌మెంట్) మొత్తం దిగిపోతుంది. ముందు పాదం దగ్గర ఏటి అడుగున పరిచే రాతి పరుపు (ఆప్రాన్) వేయించండి. దాని కింద 6 మీటర్ల కోత పడుతుందనుకుంటే వెడల్పు 9 మీటర్లుండాలి. ఇసుక పోయేకొద్దీ ఆ రాళ్లే జారి వాలును కప్పుతాయి. వాలు రాళ్ల కింద నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట పొర తప్పనిసరి, లేకపోతే సందుల్లోంచి ఇసుక కారిపోతుంది. ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా కట్టే గ్రోయిన్ ఒంటరిగా అసలు వద్దు. అది ధారను ఎదుటి లంక మీదికి తోస్తుంది, దాని మూతి దగ్గరే గుండం పడుతుంది. కట్టదలిస్తే పొడవుకు రెండు, రెండున్నర రెట్ల ఎడంతో వరుసగా కట్టాలి.

బయటి వంపుల దగ్గర ఇసుక ర్యాంపులకు అనుమతులు ఆపండి. గొయ్యి తీస్తే ఏరు దాన్ని పూడ్చుకోవడానికి చుట్టుపక్కల అడుగును, ఒడ్డును కోస్తుంది. పైగా ఎగువ జలాశయాల్లోనే ఒండ్రు పూడికగా ఉండిపోయి, కిందికొచ్చేది తగ్గింది. కేంద్రం 2020 మార్గదర్శకాల్లోని 3 మీటర్ల లోతు పరిమితిని ర్యాంపుల్లో కొలిపించండి.

మేలో, మళ్లీ నవంబరులో రెండు ఒడ్ల మధ్య శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్‌తో అడ్డకొలతలు తీయించి పంచాయతీల్లో పెట్టించండి. టెండర్లు డిసెంబరులో ముగియాలి, పాదం రాయి మే నెలాఖరుకు పడాలి. నీరు పెరిగాక పడవల మీంచి వేసిన రాయి అడుగున ఎక్కడ కూర్చుందో ఎవరూ చూసి బిల్లు రాయలేరు.

ఇట్లు,
గోదావరి లంకల రైతులు, ఏటిగట్టు పనులు తెలిసినవారు