ఏ ఓడలో, ఏ పని చేశారో అడగండి

సంపాదకులకు,

మెట్లెక్కితే ఆయాసం, ఎడతెగని పొడి దగ్గు. డెబ్భై దాటిన మాజీ నావికుడు ఈ బాధతో ఆస్పత్రికొస్తే వయసు మీదికో, సిగరెట్ల మీదికో నెట్టేస్తున్నారు. టీబీ మందులు మొదలుపెట్టేవారూ ఉన్నారు. ఒకప్పుడు ఓడలో పీల్చిన ఆస్బెస్టాస్ (వేడిని తట్టుకునే పీచులాంటి ఖనిజం) కూడా కారణం కావచ్చు. కానీ ‘ఏ ఓడలో, ఏ విభాగంలో చేశారు?’ అన్న ప్రశ్నే ఓపీ చీటీ మీద కనబడదు.

1970ల దాకా కట్టిన ఆవిరి నౌకల్లో బాయిలర్లకు, స్టీమ్ పైపులకు వేడి పోకుండా కప్పే పొర, అంటే ల్యాగింగ్‌లో ఎక్కువగా వాడింది ఆస్బెస్టాసే. ఫ్లాంజ్‌ల (పైపులు కలిసే అంచుల) మధ్య ఆవిరి కారకుండా పెట్టే గ్యాస్కెట్లు, వాల్వ్ స్పిండిల్‌కు చుట్టే గ్లాండ్ ప్యాకింగ్ (ఆవిరి కారకుండా బిగించే తాడు) కూడా దాంతోనే చేసేవారు. కదపనంత కాలం ముప్పు తక్కువ. రీఫిట్‌లో, అంటే డాక్‌యార్డులో ఓడకు పెద్ద మరమ్మతులు చేసేటప్పుడు, ల్యాగింగ్ పగలగొట్టినప్పుడు, ఫ్లాంజ్‌కు కాలి అతుక్కుపోయిన గ్యాస్కెట్‌ను స్క్రేపర్‌తో గీకి వైర్ బ్రష్ పట్టినప్పుడు, ఆ పొడిని తడపకుండా చీపురుతో ఊడ్చినప్పుడు పోగులు లేస్తాయి. కంటికి ఆనవు. గాలాడని ఇంజన్‌రూమ్‌లో గంటల తరబడి తేలుతుంటాయి. పక్కన వైర్లు లాగే ఎలక్ట్రీషియన్ పీల్చేదీ ఆ గాలే. విదేశాల్లోనైతే ఆ పనిబట్టలు దులిపి ఉతికిన ఇల్లాళ్లకూ మీసోథీలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) వచ్చిన కేసులు నమోదయ్యాయి.

ఆస్బెస్టాస్‌తో వచ్చే జబ్బులు బయటపడటానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సైనిక పింఛన్లకు సంబంధించిన 2008 నిబంధనల్లోనేమో, సర్వీసు వదిలాక బయటపడే జబ్బులను సర్వీసు వల్లే వచ్చినవిగా గుర్తించడానికి ఏడేళ్ల గడువే పెట్టారు! ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే పరిశ్రమలను ఆదేశించింది. ఆవిరి నౌకల సిబ్బందికీ అదే కొలమానం ఎందుకుండకూడదు?

వైద్యులకు ఒక మనవి. తొలిదశలో ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్) రాయండి. రోగిని బోర్లా పడుకోబెట్టి కూడా తీయించండి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల అడుగున కనిపించే నీడ నిజమైన మచ్చో కాదో అప్పుడు తేలుతుంది. స్పైరోమెట్రీలో (ఊపిరి ఊది చేసే పరీక్షలో) ఎఫ్‌వీసీ, అంటే నిండుగా పీల్చి బలంగా వదిలే మొత్తం గాలి తగ్గి, మొదటి సెకనులో వదిలే గాలికి (ఎఫ్‌ఈవీ1కు) దానికీ నిష్పత్తి మామూలుగా ఉంటే ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ పోగులతో ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బు) అని అనుమానించాల్సిందే. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చెప్పే డీఎల్‌సీఓ కూడా చూడాలి. ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) మీద సున్నం పేరుకున్న మచ్చలుంటే, ఒకప్పుడు ఆస్బెస్టాస్ పీల్చారనడానికి అది బలమైన ఆధారం.

ఆస్బెస్టోసిస్ మచ్చలను మాన్పే మందు లేదు. పొగ మానాలి, న్యుమోనియా, ఫ్లూ టీకాలు వేయించుకోవాలి. పొగతాగే అలవాటుకు ఆస్బెస్టాస్ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీసోథీలియోమాకు మాత్రం పొగతో సంబంధం లేదు. కాబట్టి సిగరెట్ ముట్టనివారూ ధీమాగా ఉండటానికి లేదు.

మాజీ నావికులు పనిచేసిన ఓడల పేర్లు, సంవత్సరాలు, విభాగం, రీఫిట్ జరిగిన డాక్‌యార్డు ఒక కాగితం మీద రాసి, సర్వీసు పత్రాల నకలుతో ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో ఇవ్వండి. కేసు షీట్‌లో ఎక్కించమని అడగండి. ఆయాసం మొదలవకముందే.

– నౌకాదళ ఇంజనీరింగ్ విభాగ విశ్రాంత సిబ్బంది,
విశాఖపట్నం